వాయిదాకు రానివాడు

విరోధికృత్ నామ సంవత్సరం, ఆషాఢ శుద్ధ నవమి, గురువారం. ఆ రోజు నీలగుండం కోటలో ఆకు కదల్లేదు. పొద్దుటి నుంచీ మబ్బు పట్టి ఉంది గానీ ఒక్క చినుకు రాలలేదు. ఉక్కకు రాతిగోడలు కూడా చెమర్చాయి. మధ్యాహ్నం పడమటి దిక్కున ఒక్క ఉరుము ఉరిమి, ఆ పైన తనకేమీ సంబంధం లేనట్టు ఊరుకుంది.

తిథీ వారమూ ఇంత ఖచ్చితంగా ఎందుకంటే, రోజు చెప్పకుండా కథ మొదలుపెడితే వినేవాడికి ఎక్కడ కూర్చోవాలో తెలియదని మా కళాశాలలో చరిత్ర చెప్పిన పంతులుగారు అనేవారు. ఆయన చెప్పిన యుద్ధాలన్నీ మరిచిపోయాను. ఈ మాట మాత్రం మిగిలింది.

నీలగుండం ఏ పటంలోనూ దొరకదు, వెతకవద్దు. నడుమ ఏరు, ఏటికి ఇవతల కోట, అవతల పల్లెలు. ఏలే రాజు పేరు ఉద్దండ భూపతి. మనిషి చెడ్డవాడు కాదు. అయితే ఆయనకు తన గొంతు వినడం ఇష్టం. అంతకంటే ఇష్టమైనది పర్యవేక్షణ. పని చేయడం కాదు, చేసేవాళ్ళను కనిపెట్టించడం. వంటవాడి మీద ఒక పర్యవేక్షకుణ్ణి పెట్టాడు. ఆ పర్యవేక్షకుడు సరిగా చూస్తున్నాడో లేదో చూడటానికి ఇంకొకణ్ణి పెట్టాడు. ఒకనాడు పాయసం మాడింది. విచారిస్తే, పర్యవేక్షకులు వంటవాణ్ణి చూస్తున్నారనీ, వంటవాడు పర్యవేక్షకులను చూస్తున్నాడనీ, పొయ్యిని ఎవరూ చూడలేదనీ తేలింది. రాజుగారు బాగా ఆలోచించి పొయ్యి మీద కూడా ఒక పర్యవేక్షకుణ్ణి వేశారు.

ఆ రాజ్యంలో తాతల నాటి ఆచారం ఒకటుంది. నాకు చాలా గొప్పగా తోస్తుంది. ఎవరి మీదనైనా ఫిర్యాదు పడితే, విచారణ జరిగేదాకా ఆ మనిషిని చెరసాలలో వేసేవాళ్ళు కాదు. ఊళ్ళో నమ్మకమైన మనిషి ఎవరైనా "వాయిదా నాటికి వస్తాడు, నాది పూచీ" అంటే ఇంటికి పంపేవాళ్ళు. తన పని తాను చేసుకోవచ్చు. వాయిదా రోజు పొద్దున కోట గుమ్మంలో నగారా మోగుతుంది. ఆ మోత ఆగేలోపల న్యాయసభలో నిలబడాలి. నిలబడకపోతే ఫిర్యాదు నిజమేనని తీర్పు.

ఈ వ్యవహారమంతా కోట గుమ్మం పక్కనున్న పూచీ ఇంటిది. వాయిదా ఎప్పుడో పల్లెలకు కబురు పంపేది వాళ్ళు. దూరం నుంచి వచ్చినవాళ్ళకు ఇంత అంబలి పోసి, పడుకోవడానికి చోటిచ్చేది వాళ్ళు. రాజును చూస్తే నోరు పెగలనివాళ్ళకు సభలో ఎలా నిలబడాలో, తమ మాట ఎలా చెప్పుకోవాలో నేర్పేదీ వాళ్ళే. ఆ ఇంటికి పెద్ద మాచన. కొలువులో చమత్కారి అని పేరు. రాజును నవ్వించగలిగినవాడు ఆయనే, రాజు ముందు నవ్వకుండా ఉండగలిగినవాడూ ఆయనే.

ఉద్దండ భూపతి కన్ను చివరికి పూచీ ఇంటి మీద పడింది. మాచన మీద ఒక పర్యవేక్షకుడు వచ్చాడు. అతని మీద ఒక మహా పర్యవేక్షకుడు, ఆయన మీద పరమ పర్యవేక్షకుడు వచ్చారు. అందరికీ అరుగు మీద పీటలు వేశారు. అరుగంతా పీటలతో నిండిపోయి, వాయిదాకు వచ్చినవాళ్ళు ఎండలో నిలబడవలసి వచ్చింది.

"అంబలి పలచగా ఉంది," అన్నాడొక పర్యవేక్షకుడు.

"తమరు తాగాక నీళ్ళు కలిపాం, అందరికీ సరిపోవాలి గదా," అన్నాడు మాచన.

ఇక ఆ గురువారం సంగతి. ఆ రోజు వాయిదా. ఏటి అవతలి నుంచి వచ్చినవాళ్ళలో చెంగమ్మ అనే ఆమె ఉంది. ఆకుతోట అక్కిరెడ్డి పెంచుకున్న కూతురు. అక్కిరెడ్డికి బిడ్డలు లేరు. జాతరలో తప్పిపోయి ఏడుస్తున్న పసిదాన్ని ఎత్తుకొచ్చి పెంచాడు. తాను మంచం పట్టినప్పుడు ఊరి పెద్దల ఎదుట నీళ్ళు ధారపోసి తోటా ఇల్లూ ఆమెకు ఇచ్చాడు. ఆయన పోయిన మర్నాడే ఆయన అన్న కొడుకు ఓబుళరెడ్డి కోటకు వచ్చి, "మా చిన్నాయనకు మందు పెట్టి చంపింది సామీ" అని ఫిర్యాదు చేశాడు. అది రుజువైతే చెంగమ్మ తల పోతుంది, తోట ఓబుళరెడ్డికి వస్తుంది.

తమలపాకు తోట చూడనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. తీగను అవిసె చెట్లకు పాకిస్తారు, ఎదిగే కొద్దీ జమ్ముతో కడుతూ పోతారు. చెప్పులతో లోపలికి అడుగు పెట్టనివ్వరు. లోపల పట్టపగలే చల్లని పచ్చచీకటి, గుడిలో ఉన్నట్టుంటుంది. ఆ తోటకు పొద్దున నీళ్ళు, మాపున నీళ్ళు కావాలి. నాలుగు రోజులు ఏమరితే తీగ తల వాలుస్తుంది, మళ్ళీ ఎత్తదు. కాబట్టి చెంగమ్మను చెరసాలలో వేస్తే, తర్వాత నిర్దోషి అని వదిలినా ఆమె వెళ్ళేది ఎండుపుల్లల మధ్యకే. ఆమెకు పూచీ పడినవాడు వాళ్ళ ఊరి ముసలి వైద్యుడు ముత్తయ్య.

చెంగమ్మ ప్రతి వాయిదాకూ వచ్చింది. విచారణ మాత్రం జరగలేదు. న్యాయపీఠం మీద రాజు తప్ప ఇంకొకరు కూర్చోకూడదు. మొదటి వాయిదా నాడు ఏలినవారికి జలుబు చేసింది. తర్వాతి వాయిదా కొత్త గుర్రం వచ్చిన రోజున పడింది. ఆ తర్వాతిసారి కిరీటానికి మెరుగు పెట్టిస్తున్నారు, అది లేకుండా పీఠమెక్కడం బాగుండదన్నారు. ఆ గురువారం తలంటు. ఉక్కగా ఉందని కుంకుడు పులుసుతో తలంటుకుని, సాంబ్రాణి పొగకు ఏలినవారు అలాగే నిద్రపోయారు. వచ్చినవాళ్ళు తిరిగి ఏరు దాటి వెళ్ళిపోయారు.

సాయంత్రం రాజు కొలువు తీర్చేసరికి ఓబుళరెడ్డి వచ్చి కాళ్ళ మీద పడ్డాడు.

"మహాప్రభూ! ఏటి అవతలివాళ్ళను పూచీల మీద వదిలితే ఎట్లా? ఇవాళ వచ్చినారు, రేపు వస్తారా? చెంగమ్మ మూటాముల్లె సర్దుకుంటోందని అంటున్నారు."

"ఎవరంటున్నారు?" అడిగాడు మాచన.

"అందరూ."

"ఆ అందరిలో ఒక్కరి పేరు చెప్పు."

ఓబుళరెడ్డి కాసేపు ఆలోచించి, "నేను," అన్నాడు.

సభ నవ్వింది. రాజు నవ్వలేదు. "నవ్వులాటగా ఉందా? ఇంతమంది పర్యవేక్షకులను పెట్టినా ఒకామె మూట సర్దుకునే ధైర్యం చేసిందంటే మా పర్యవేక్షణకే అవమానం! ఇక పూచీలు లేవు. ఫిర్యాదు పడ్డ ప్రతి ఒక్కరూ విచారణ దాకా చెరసాలలోనే ఉండాలి."

మాచన ముందుకు వచ్చాడు. "ప్రభూ, ఒక్క వాయిదా ఓపిక పట్టండి. శ్రావణంలో వచ్చే వాయిదాకు వీళ్ళలో ఒక్కరు రాకపోయినా పూచీ ఇల్లు మూసి తాళంచెవి ఏలినవారి పాదాల దగ్గర పెడతాను. మొదట చెరసాలకు నడిచేది నేనే."

"ఊరికే నడిస్తే ఎలా? సంకెళ్ళతో నడుస్తావు."

"అలాగే. అందరూ వస్తే?"

"వస్తే పూచీ ఇల్లు ఉంటుంది."

"చిత్తం. మరి, ఇవతలి ఒడ్డునే ఉండి వాయిదాకు రానివాడు ఎవడైనా ఉంటే?"

ఇలాంటి ప్రశ్న రాజుకు భలే ఇష్టం. సింహాసనం మీద సర్దుకుని గొంతు పెంచాడు. "వాడి చేతికి ఇనుప కడియం వేయిస్తాం! రోజూ పొద్దున పూచీ ఇంటికి వచ్చి, అందరూ చూస్తుండగా, నేను వచ్చానని చెప్పుకోవాలి. అది చెప్పనిదే వాడికి అన్నం లేదు!"

"ఎంతటివాడైనానా ప్రభూ?"

"ఎంతటివాడైనా!" ఆ మాట కప్పుకు తగిలి తిరిగి వచ్చింది. రాజుకు ఎంత నచ్చిందంటే మళ్ళీ అన్నాడు. "ఎంతటివాడైనా! దండోరా వేయించండి."

దండోరా వేశారు. కడియం పని కూడా రాజే దగ్గరుండి చూశాడు. కమ్మరి వచ్చి, "కొలత ఎంత పెట్టమంటారు సామీ?" అని అడిగాడు. "పెద్దది చెయ్యి, ఎలాంటి చేతికైనా పట్టాలి," అంటూ రాజు తన చేతినే చాపాడు. ఆ రాజ్యంలో అంతకంటే లావు మణికట్టు లేదు మరి.

శ్రావణం వచ్చింది. వాయిదాకు ముందు వానలు మొదలయ్యాయి. అలాంటి వాన నేను నా ఎనభై ఏళ్ళలో ఒకటి రెండుసార్లు చూసి ఉంటాను. చినుకులుగా కాదు, ఆకాశం ముక్కలై పడుతున్నట్టు ఉంటుంది. ఏరు ఎర్రగా తిరిగి, గట్లు మింగి, ఎక్కడివో చింతచెట్లను వేళ్ళతో సహా మోసుకొస్తోంది. పుట్టివాళ్ళు తమ పుట్టిలను గట్టుకు బోర్లించి పైన రాళ్ళు పెట్టి ఇళ్ళకు పోయారు. పుట్టి అంటే తోలు చుట్టిన గుండ్రని బుట్ట పడవ. మామూలు నీళ్ళలోనే అది గిరగిరా తిరుగుతుంది, వరదలో దాన్ని దించేవాడు ఉండడు.

వాయిదా రోజు పొద్దున పర్యవేక్షకులు ఒకరి వెనక ఒకరు రాజుగారికి విన్నవించుకున్నారు: ఈ వానలో పురుగు కూడా రాదు. ఏలినవారు దుప్పటి లాక్కుని, "అయితే మేం మాత్రం దేనికి?" అని, వేడివేడి గారెలు తెమ్మన్నారు. ఓబుళరెడ్డి ముందు రోజే ఏరు దాటి వచ్చి కోటలో చుట్టాలింట ఉన్నాడు. న్యాయసభలో ముందు వరసలో, పొడి పంచెతో కూర్చున్నాడు.

మాచన రాజు గదికి వెళ్ళాడు.

"ఏమయ్యా మాచనా, సంకెళ్ళ కొలత ఇవ్వడానికి వచ్చావా?" అన్నాడు రాజు గారె కొరుకుతూ.

"అందుకే అనుకోండి. అయితే ప్రభూ, వాళ్ళు రాలేదని పర్యవేక్షకులు చెబితే అది వాళ్ళ మాట. ఏలినవారు ఉత్తరపు బురుజెక్కి, ఏటి మీద ఎవరూ రావడం లేదని స్వయంగా చూస్తే అది కదా పర్యవేక్షణ!"

రాజు చేతిలో గారె ఆగిపోయింది. "బురుజు మీద నుంచి ఏరంతా కనిపిస్తుందా?"

"రాజ్యమంతా కనిపిస్తుంది."

గొడుగు పట్టేవాడు, గొడుగు పర్యవేక్షకుడు వెంట రాగా రాజు బురుజెక్కాడు. వాన కొంచెం తగ్గింది గానీ గాలి లేచింది. కింద ఏరు గర్జిస్తోంది. అవతలి ఒడ్డు ఉందో లేదో తెలియనంత దూరంలో ఉంది.

"ఎవరూ లేరు," అన్నాడు రాజు సంతోషంగా.

రాజును బురుజు ఎక్కించడం దాకా మాచన తెలివి. ఆపైన జరగవలసింది ఆయన చేతిలో లేదు. ఆ నీళ్ళను ఆయన కూడా అప్పుడే చూశాడు. వాళ్ళు రాకపోతే బాగుండు, ప్రాణాలైనా దక్కుతాయి అని ఒక క్షణం అనుకున్నాడు.

అప్పుడు గొడుగు పర్యవేక్షకుడు, పాపం తన పని కాకపోయినా, "అవేమిటి సామీ?" అన్నాడు.

ఎర్ర నీళ్ళ మీద నల్లని చుక్కలు. ఒకదాని వెనక ఒకటి, వరసగా. మునుగుతున్నాయి, తేలుతున్నాయి. దుంగలనుకున్నాడు రాజు. దుంగలు ప్రవాహంతో పోతాయి. ఇవి అడ్డంగా వస్తున్నాయి.

మనుషులు. ఒక్కొక్కరి రొమ్ముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి ఉన్నాయి. నేను కూడా చిన్నప్పుడు బావిలో అలాంటి బుర్ర కట్టుకునే ఈత నేర్చాను. బుర్ర ఊగుతుంటే మనిషికి ఎంత భయమో తెలుసు. అది కదలని బావి నీళ్ళలో. వీళ్ళ నడుముల నుంచి నడుములకు ఒకే నారతాడు. తోటలో ఏతానికి కట్టే తాడు అది. అందరికంటే ముందు తాడు పళ్ళతో కరిచి ఈదుతున్నవాడు లింగడు. ఎద్దుల దొంగ అని వాడి మీద ఫిర్యాదు. వాడి వెనక చెంగమ్మ. ఆమె వెనక ముసలి వైద్యుడు ముత్తయ్య, తెల్లజుట్టు నీళ్ళ మీద పరుచుకుని ఉంది. ఆ వెనక మిగిలినవాళ్ళు. తిట్టుకుని తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములిద్దరు కూడా ఆ తాడుకే ఉన్నారు, పక్కపక్కన.

రాజు ముందుకు వంగాడు. గాలికి గొడుగు ఎగిరిపోయింది. ఆయన చూడలేదు. కిరీటం లేని నెత్తి మీద వాన పడుతోంది. అదీ తెలియలేదు.

పైనుంచి ఒక పెద్ద చింతమాను వేళ్ళు పైకెత్తి వాళ్ళ మీదికి వస్తోంది. లింగడు చెయ్యెత్తి ఊపాడు. అందరూ ఒక్కసారి బుర్రలను కిందికి అదిమి మునిగారు. మాను వాళ్ళ మీదుగా దొర్లిపోయింది. ఏటి మీద ఏమీ లేదు.

ఒక తల లేచింది. తర్వాత ఇంకొకటి. వరసగా, దారానికి గుచ్చిన ముత్యాల్లా, అన్నీ లేచాయి. తెల్లతల అందరికంటే ఆఖరున లేచింది.

"ఎడమకు! ఎడమకు రండ్రా! అక్కడ సుడి ఉంది!" అని ఎవరో పెద్దగా కేకలు వేశారు. మాచన తిరిగి చూస్తే అది ఏలినవారి గొంతు. ఆ గొంతులో డాంబికం మచ్చుకైనా లేదు. జీవితంలో మొదటిసారి ఆయన తన గొంతు తాను వినకుండా మాట్లాడుతున్నాడు.

కింద గుమ్మంలో నగారా మోగడం మొదలైంది.

"అప్పుడేనా? ఆ నగారావాణ్ణి నెమ్మదిగా కొట్టమను!"

"నగారాకు ఒకటే నడక ప్రభూ. తాతల నాటిది," అన్నాడు మాచన. ఆయన కళ్ళు కూడా తడిసి ఉన్నాయి. వాన అని చెప్పుకోవచ్చు.

వాళ్ళు చాలా దిగువన ఒడ్డు పట్టుకున్నారు. తాడు విప్పుకోవడానికి కూడా ఆగలేదు. ఆ తాడుతోనే, బుర్రలు రొమ్ముల మీద ఎగురుతుండగా, బురదలో పడుతూ లేస్తూ గట్టు వెంట పరుగెత్తుకొచ్చారు. ముసలి వైద్యుణ్ణి ఆ తగవులమారి అన్నదమ్ములు చెరో రెక్కా పట్టుకుని ఎత్తుకొచ్చారు. కోట గుమ్మం దాటి న్యాయసభలోకి వెళ్ళారు. చివరి మనిషి గడప దాటాక నగారా ఆగింది.

రాజు చాలాసేపు ఏటినే చూస్తూ నిలబడ్డాడు. ఆపైన మెట్లు దిగి, తడిసిన బట్టలతోనే న్యాయసభకు వచ్చాడు. సభలో నేలంతా నీళ్ళు. వచ్చినవాళ్ళు వణుకుతూ నిలబడి ఉన్నారు.

"అందరూ వచ్చారా మాచనా?" ఆ అడగడంలో భయం ఉంది.

"వచ్చారు ప్రభూ. ఒక్కరు తప్ప."

రాజు ముఖం పాలిపోయింది. "ఏట్లో పోయాడా?"

"లేదు, క్షేమంగా ఉన్నారు. ఇవతలి ఒడ్డునే ఉంటారు. నగారా ఆగేవేళకు సభలో లేరు, అంతే."

"ఇవతలి ఒడ్డున ఉండా!" రాజుకు నిజంగానే ఒళ్ళు మండింది. "ఈ ముసలాయన ఆ నీళ్ళలో ఈదుకుని వచ్చాడే! ఆ ఆడకూతురు వచ్చిందే! నాలుగడుగులు నడిచి రాలేనివాడు ఎవడు వాడు? కడియం తెండి!"

"ఎంతటివాడైనానా ప్రభూ?"

"ఎన్నిసార్లు చెప్పాలి? ఎంతటివాడైనా!"

కడియం తెచ్చారు. మాచన దాన్ని రెండు చేతులా అందుకుని, రాజు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"చెయ్యి ఇప్పించండి ప్రభూ."



రాజు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "మాచనా! ఇది మోసం! నన్ను బురుజు ఎక్కించింది నువ్వు కాదూ?"

"నేనే ప్రభూ. ఇవాళ్టి తప్పు నా మీద వేసుకుంటాను. కొత్త గుర్రం వచ్చిన నాడు ఏలినవారిని ఎవరు బురుజు ఎక్కించారు? కిరీటం మెరుగు నాడు? తలంటు నాడు? ప్రతి వాయిదాకూ వీళ్ళు వచ్చారు. వచ్చి, ఖాళీ పీఠానికి దండం పెట్టి వెళ్ళారు. వాయిదాకు రానివాణ్ణి పట్టుకోవడానికి ఏలినవారు ఇంతమంది పర్యవేక్షకులను పెట్టారు. వాళ్ళంతా వీళ్ళ వైపే చూశారు. పీఠం వైపు ఒక్కరూ చూడలేదు."

పర్యవేక్షకులు, మహా పర్యవేక్షకులు, పరమ పర్యవేక్షకులు అందరూ ఆ క్షణంలో తమ కాళ్ళను పర్యవేక్షించుకుంటున్నారు.

రాజు చెంగమ్మ వైపు చూశాడు. "ఏమ్మా, మేం రానప్పుడు నువ్వు ఏమనుకునేదానివి?"

"ఏమనుకుంటాం దొరా," అంది ఆమె, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే. "ఈ పూటకు తోటకు నీళ్ళు పెట్టకుండా వస్తిమే, పొద్దు వంగేలోపల పోయి పెట్టుకోవాల అనుకుంటాం."

ఉద్దండ భూపతి కుడిచేయి చాపాడు. కడియం కొలిచి చేసినట్టు పట్టింది. కొలిచి చేసిందే గదా! రాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ముందు ముక్కుతో చిన్నగా ఏదో చప్పుడు వచ్చింది. తర్వాత పొట్ట కదిలింది. ఆ తర్వాత నీలగుండంలో ఎవరూ ఎన్నడూ విననంత పెద్ద నవ్వు నవ్వాడు. ఆయన నవ్వాడు గనక సభ నవ్వింది.

"సరే మాచనా! రేపటి నుంచి పొద్దున్నే మీ అరుగు మీదికి వచ్చి, నేను వచ్చానని చెబుతాను. మరి నేను వచ్చానో లేదో చూసేది ఎవరు?"

"వీళ్ళే ప్రభూ. విచారణ కోసం కాచుకుని ఉన్నవాళ్ళు పీఠాన్ని చూసినట్టు ఇంకెవరూ చూడలేరు."

"అయితే ఇప్పుడే చూడనీ," అంటూ రాజు కిరీటం సంగతే మరిచి, తడిబట్టలతో పీఠమెక్కాడు. "మొదట చెంగమ్మ వ్యవహారం. ఓబుళరెడ్డీ, మందు పెట్టిందన్నావు. చూసినవాళ్ళెవరు?"

ఓబుళరెడ్డి లేచి పొడి పంచె సర్దుకున్నాడు. "సాక్షులు ఉన్నారు ప్రభూ. అయితే అవతలి ఒడ్డున ఉన్నారు. ఈ వరదలో ఎవరైనా ఎట్లా రాగలరు?"

ఆ మాట అన్నాక గానీ తన ముందు నీళ్ళోడుతూ నిలబడ్డవాళ్ళు అతని కంట పడలేదు. లింగడు ముందు నవ్వాడు. వాడు ఆపుకోలేక నవ్వుతుంటే రొమ్ము మీది బుర్రలు టపటప కొట్టుకున్నాయి.

ముసలి వైద్యుడు ముత్తయ్య ముందుకు వచ్చాడు. "ప్రభూ, అక్కిరెడ్డిని చివరిదాకా చూసినవాణ్ణి నేను. దగ్గు, జ్వరం, ఆపైన వయసు. మందు పెట్టిన మాట నిజమే. ఆ మందు నూరి ఇచ్చింది నేను, తేనెతో నాకించింది ఈ పిల్ల. ఆయన నీళ్ళు ధారపోసినప్పుడు చెంబు పట్టుకున్నవాణ్ణి నేనే. ఈ ఓబుళరెడ్డి ఆ ఇంటి గుమ్మం తొక్కింది ఆయన పోయాకనే."

"ఇంత వయసులో ఆ నీళ్ళలో ఎలా దిగావయ్యా?"

"పూచీ పడ్డాను గదా ప్రభూ. ఆ పిల్ల వస్తుంటే నేను ఒడ్డున ఎలా కూర్చుంటాను?"

రాజు చెంగమ్మను నిర్దోషి అన్నాడు. తర్వాత లింగణ్ణి పిలిచాడు. ఆయన గొంతు మెత్తబడి ఉంది. ఇంతమందిని గట్టెక్కించినవాణ్ణి వదిలేద్దామనే అనుకున్నాడు.

"లింగా, నీ మీద ఎద్దులు దొంగిలించావని ఫిర్యాదు. అబద్ధమే గదా?"

లింగడు తల గోక్కున్నాడు. "లేదు సామీ. నేనే తోలుకుపోయినా."

రాజు వంగి వాడి ముఖంలోకి చూశాడు. "మరి ఎందుకు వచ్చావురా? అవతలి ఒడ్డున ఉండిపోతే ఈ వరదలో నిన్ను పట్టేవాడెవడు?"

"వస్తానని చెప్పినా గదా సామీ," అన్నాడు లింగడు, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

రాజు వెనక్కి వాలాడు. ఇన్నేళ్ళ తర్వాత నాకూ ఇక్కడికి వచ్చేసరికి మాట ఆగుతుంది. వరద పెద్దదా, ఆ జవాబు పెద్దదా అని ఆలోచిస్తూ ఉండిపోతాను. చివరికి రాజు తీర్పు చెప్పాడు. ఎద్దులు సొంతదారుకు తిరిగి ఇవ్వాలి. ఒక ఏడాది పాటు, వాయిదాకు వచ్చేవాళ్ళందరినీ లింగడే పుట్టిలో ఏరు దాటించాలి. "దొంగను నమ్మి జనాన్ని పుట్టి ఎక్కిస్తారా?" అని పరమ పర్యవేక్షకుడు నసిగాడు. "నిన్ను నమ్మి ఎక్కిస్తానా?" అన్నాడు రాజు.

తర్వాత మెడలోని ముత్యాల హారం తీసి మాచన మెడలో వేసి, "ఇంకేం కావాలో కోరుకో," అన్నాడు.

"అరుగు మీది పీటలు తీయించండి ప్రభూ. వచ్చినవాళ్ళకు నిలబడటానికి చోటు లేదు."

రాజు మళ్ళీ నవ్వి, పీటలన్నీ తీయించి, పర్యవేక్షకులను తలా ఒక కుండ ఇచ్చి పూచీ ఇంట్లో అంబలి కాచే పనికి పెట్టాడు. మొదటి రోజు అంబలి మాడింది. తర్వాత బాగానే నేర్చుకున్నారు.

అక్కిరెడ్డి ఆస్తి పంపకం కూడా ఆ సభలోనే తేలింది. ఆకుతోట, తోటలోని బావి, నాలుగు దూలాల ఇల్లు చెంగమ్మకు వచ్చాయి. ఆ ఇంటి తూర్పు గది, బతికినన్నాళ్ళు, వైద్యుడు ముత్తయ్యది. ఏతం తొక్కే పాలేరు గంగన్నకు, ధారపోసిన నాడు పెద్దాయన చెప్పిన ప్రకారం, కాడెద్దులు దక్కాయి. ఊరి దక్షిణాన ఉన్న మెట్టచేను ఊరి పశువుల మేతకు వదిలారు. వరద తీశాక ఓబుళరెడ్డి ఆఖరుసారి తోట గట్టు దాకా వచ్చి, చెప్పులు విడిచి, లోపలి పచ్చచీకటిని చూస్తూ కొంతసేపు నిలబడ్డాడు. చెంగమ్మ నీళ్ళు పెడుతూనే, "తాంబూలం వేసుకుంటావా అన్నా?" అని అడిగింది. అతను వద్దన్నాడు. అతనికి ఏమీ రాలేదు.